అమ్మ మూర

మా పాత ఇంట్లో వంట అర్రకు ఒకటే దర్వాజ, అదీ లోపలి వైపు. పొగ బయటికి పోయే దారి లేక ఇల్లంతా తిరిగి చివరికి అమ్మ కళ్లలోనే చేరేది. పట్టపగలు కూడా బుడ్డి వెలిగించనిదే బియ్యంలో రాయి కనబడేది కాదు. యుద్ధం రోజులవి. బుడ్డిలో పోసే గ్యాస్‌నూనె కోసం మేడ్చల్ దాకా నడిచిపోయినా సీసా నిండేది కాదు. పాతది పడగొట్టి కొత్తది కడదామని నాయిన అన్నప్పుడు అమ్మ అడిగింది ఒకటే: వంట అర్రకు పెరట్లోకి ఒక దర్వాజ.

మాది శామీర్‌పేట పక్క ఊరు. అక్కడ ఇంటి నమూనా కాగితం మీద ఉండేది కాదు, నేల మీదే. ఇంటి యజమాని మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా పట్టి ఒక వెదురు కట్టె కోసేవారు. ఆ మూరకట్టెతో కొలిచి ముగ్గు పోసేవారు. మా మేస్త్రీ మేడ్చల్ సాయిబు. అమ్మను అక్కా అనేవాడు, ఆ వరసన నాయిన అతనికి బావ. ముందు బాట, వెనక పక్కింటి గోడ, పెరడంతా ఒక పక్కకు. బాటకూ గోడకూ నడుమ నాయిన చేతితో సరిగ్గా పద్దెనిమిది మూరలు వచ్చింది. వెడల్పు పదమూడు పెట్టారు. పెరటి వైపు గోడకు పొయ్యి, దాని పక్కన అమ్మ దర్వాజ. ముగ్గులో వదిలిన ఆ సందు గుండా అమ్మ ఒకసారి బయటికి నడిచి, మళ్లీ లోపలికి వచ్చింది.

ముహూర్తం చూసే అయ్యగారు పొడవును వెడల్పుతో గుణించి ఎనిమిదితో భాగించాడు. శేషం రెండు. ఆ శేషాన్ని బట్టే ఇంటి ఆయం.

"ధూమాయం వస్తాంది. ధూమమంటే పొగ. గా ఇంట్ల సుఖముండది. పొడుగుల ఒక మూర తగ్గించుండ్రి, వృషభాయమైతది."

"ముందటి అర్ర ముట్టద్దు, నలుగురొచ్చే జాగ," అన్నాడు నాయిన. "వంటింట్లకెళ్లి తగ్గియ్యి మేస్త్రీ."

అక్కడ మూర తగ్గితే పొయ్యి ఉంటుంది, దర్వాజ ఉండదు.

నలుగురిలో అమ్మ నాయినతో నేరుగా మాట్లాడేది కాదు. "తమ్మీ, మీ బావకు చెప్పు. లెక్కలున్న పొగ తీసి నా కండ్లల్ల పెడుతుండని."

"బావా, ఇన్నవా, మల్ల చెప్పాల్నా?"

"నాకేం చెవుడు లేదు," అన్నాడు నాయిన. కానీ మాట మార్చలేదు.

అప్పటికి నాకు పెళ్లీడు. బడికి పోయింది తక్కువ, లెక్కలు చింతగింజలతో నేర్చుకున్నాను. వెడల్పు మార్చి చూద్దామని గింజలు పరుచుకున్నాను. పన్నెండు పెట్టినా, పదకొండు పెట్టినా కుదరలేదు. కాసేపటికి తెలిసింది. మంచి ఆయాలన్నీ బేసి శేషాలు. పద్దెనిమిది సరి సంఖ్య, దాన్ని దేనితో గుణించినా సరి సంఖ్యే వస్తుంది, శేషమూ సరి సంఖ్యే.

"పదిహేడన్న కావాలె, పంతొమ్మిదన్న కావాలె అమ్మా. పంతొమ్మిదికి జాగ లేదు."

అమ్మ బియ్యం చెరుగుతున్నది. చేట దించి మోచెయ్యి నా ముందు చాపింది. "నా చెయ్యి పొట్టిది గదరా. దీనితోటి కొలిస్తె?"

నవ్వుకే అన్నది. నేను మాత్రం నాయిన కట్టె తెచ్చి పక్కన పెట్టాను. అమ్మ మూర బొటనవేలు మందమంత తక్కువ. నాయిన పద్దెనిమిది అమ్మకు పంతొమ్మిది. పదమూడుతో గుణించి ఎనిమిదితో భాగిస్తే శేషం ఏడు, గజాయం.

మా లెక్క విని అయ్యగారు తనూ ఒకసారి గుణించి చూసుకున్నాడు. "శాస్త్రంల యజమాని అన్నరు గని మగోడే అనలె."

మిగిలింది నాయిన. అమ్మ పదమూడు మూరలు నాయిన పదమూడు కావు. తగ్గేది వెడల్పులో, అంటే ముందటి అర్ర కూడా ఇరుకవుతుంది. పైగా ఊరు.

"పెండ్లాం మూరతోని ఇల్లు కట్టిండని నవ్వుతరు," అన్నాడు.

"తమ్మీ, ఇన్నేండ్లు నేను దగ్గుతుంటె ఎవలు నవ్వలేదని చెప్పు," అన్నది అమ్మ.

ఈసారి మేస్త్రీ ఆ మాట అందించలేదు. నాయిన చుట్ట ఆరిపోయేదాకా ముగ్గు చుట్టూ తిరిగాడు. దర్వాజ సందు దగ్గర ఆగి, అవతలి పెరటిని చూశాడు.

"ఇంకో కట్టె కొయ్యి," అన్నాడు.

ఇల్లు లేచింది, గూన పెంకులు కప్పారు. పాలు పొంగించిన పొద్దున పొగ ఒక్కసారి పైకి లేచి, దారి తెలిసినట్టు పెరటి దర్వాజ గుండా పోయింది. అమ్మ పొయ్యి ముందు కళ్లు తుడుచుకోకుండా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. ముందటి అర్రలో నాయిన మంచం అడ్డం పట్టలేదు. నిలువుగా వేసుకుని, వచ్చినవాళ్లతో "మా ఇంట్ల గజాయం" అని చెప్పేవాడు. ఎవరి మూరో చెప్పేవాడు కాదు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. నా చెయ్యి నాయిన చెయ్యంతే. ఆ ఇంటికి పోయినప్పుడు ఊరికే గోడ వెంబడి మూరలు వేస్తాను. పొడవు పద్దెనిమిది సరిగ్గా వస్తుంది. వెడల్పులో పన్నెండు దాటి జానెడు నిండకముందే గోడ తగులుతుంది. ఆ తక్కువ నాయిన వదులుకున్నది. పెరటి దర్వాజ ఎప్పుడూ తీసే ఉంటుంది.