గోడ తాగిన నీరు

నా చిన్నప్పుడు కవిటి దగ్గర మా ఇంట్లో పొద్దున్నే మోటారు వేసి మిద్దెమీది తొట్టి నింపేవారు. ఆ వేసవిలో మధ్యాహ్నానికే కుళాయిలు బుస్సుమనేవి. నీరెక్కడికి పోతోందో ఎవరికీ తెలియలేదు. మా నాయనమ్మకు మాత్రం తెలుసు. ఇంటికి కొత్త కోడలిగా వచ్చింది మా పిన్ని. ఆమెది భావనపాడు వైపు.

"సముద్రం ఒడ్డున పెరిగిన గుంటకి నీరంటే లెక్కుంటాదా! ఇలాగే సేత్తే పుట్టింటికి అంపేత్తాను," అనేది నాయనమ్మ.

"మాకాడ మంచినీల్ల బిందెకి మైలు నడిసేవోల్లం అత్తా. పారబోయడం నాకు తెల్దు," అంది పిన్ని ఒక్కసారి. మళ్ళీ అనలేదు. కుళాయి ముట్టుకోవడం మానేసి, ఊరి చివరి బావి నుంచి తన వాడకానికి తానే మోసుకునేది. తోటపని, వంట, ఆపైన బిందెలు. సాయంత్రానికి ఆమె ముఖం చూడలేకపోయేవాణ్ణి.

తాతయ్య ఎవరినీ ఏమీ అనలేదు. ఒకరోజు తొట్టి నింపించి, లోపల నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత గీశాడు. కుళాయిలన్నీ కట్టించి, ఇంటిల్లిపాదినీ జీడితోటకు బయల్దేరదీశాడు.

"తాళం నువ్వే ఎయ్యి. తాళంసెవి నీ బొడ్డులోనే ఉంచుకో," అన్నాడు నాయనమ్మతో.

తిరిగొచ్చేసరికి నీరు గీతకు జానెడు కిందికి దిగిపోయింది. తొట్టి బయటంతా పొడిగానే ఉంది. నాయనమ్మ తాళంచెవి తీసి చూసుకుంది, దానిదే తప్పన్నట్టు.

అంటే గోడలో పాతిన గొట్టం కారుతోంది. కానీ ఎక్కడ? మాది ఇసక నేల, ఎంత నీరైనా చప్పుడు చేయకుండా తాగేస్తుంది. గోడలన్నీ తవ్వించలేం. అప్పుడు తాతయ్య బాగా ఎండిన జీడిపిక్కలు తెచ్చి, గొట్టం వెళ్ళే దారిలో ప్రతి గోడ మొదట్లోనూ చిన్న కుప్ప పోసి గోనెలు కప్పాడు. రెండు రోజులు ఎవరినీ కదపనివ్వలేదు.

మూడోరోజు మధ్యాహ్నం ఒక్కో కుప్పనూ చేటలోకెత్తి ఆడించాడు. ఎండిన పిక్క గలగలమంటుంది. తడి పీల్చింది మొద్దుగా పలుకుతుంది. వంటింటిది గలగలమంది. నడవలోదీ అంతే. నాయనమ్మ పడుకునే గదిలో, ఆమె మంచం తలవైపు పోసిన కుప్ప మాత్రం మట్టిబెడ్డల్లా దొర్లింది. అక్కడ గోడ పెచ్చు ఊడదీస్తే తుప్పుపట్టిన గొట్టం, దాని నడుమ సన్నటి చీలిక.

అప్పుడే పిన్ని బిందెతో లోపలికొచ్చింది. నాయనమ్మ గోడవైపు చూస్తూనే, "ఇంకా ఆ బిందెలేటే? కుళాయి తిప్పుకో," అంది.

పిన్ని బిందె దించింది. సంతోషించలేదు, ఏడవలేదు. "కాసేపు తొంగుంటాను అత్తా," అని నడవలో చాప కూడా లేకుండా ఒరిగిపోయింది. కోడళ్ళెవరూ నడుం వాల్చని వేళ అది. తాతయ్య చేట కింద పెట్టేసి, మమ్మల్ని చప్పుడు చేయొద్దని సైగ చేశాడు. దీపాలు పెట్టే వేళదాకా ఎవరం లేపలేదు.

ఇప్పుడు లెక్కలు చూసుకునే వయసు నాది. ఇంట్లో నీరు తరిగినా, బియ్యం తరిగినా, ఎవరూ లేనప్పుడు కూడా తరుగుతోందా అని ముందు చూస్తాను. తరుగు ఎక్కడో తేలడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ నోరు కట్టేసుకోవడమే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, నాకు కష్టమైన పని.