పార్కులో అత్తాకోడళ్ళు

మా వీధిలో అందరూ ఆవిడను జిప్పులమ్మ అనేవారు. కొత్త బట్టలు కుట్టేది కాదు. పాడైనవాటిని బాగుచేసేది. ఊడిన జిప్పులు మార్చడం, పాంట్లు పొట్టి చేయడం, బిగుతైన చొక్కాలు వదులు చేయడం, కర్టెన్లకు అంచులు కుట్టడం, ఇదే పని. "మీరు లావయ్యారని చొక్కాకు తెలిసిపోయింది, మీకే ఇంకా తెలియలేదు" అని నవ్వకుండా అనేది. నావి ఎప్పుడూ ఒకటో రెండో పాంట్లు ఆవిడ దగ్గర ఉండేవి.

పార్కుకు ఎదురుగా ఉన్న పాత నాలుగంతస్తుల బిల్డింగులో, మూడో అంతస్తులో ఆవిడా, ఆవిడ అత్తగారూ ఉండేవారు. భర్త లారీ డ్రైవరు, పోయి ఎనిమిదేళ్ళయింది. పిల్లలు లేరు. అప్పట్లో అన్నగారు వచ్చి తనతో తీసుకుపోతానంటే, "నేనొచ్చేస్తే ఈవిడనెవరు చూస్తారు" అని ఆగిపోయింది. తర్వాత ఆ అన్నగారూ పోయాడు. అత్తగారికి ఎనభై దాటాయి, మూడేళ్ళుగా మతిమరుపు. కోడలిని ఒక పూట అమ్మా అనేది, ఇంకో పూట టీచరుగారూ అనేది. ఏది పిలిచినా జిప్పులమ్మ పలికేది.

ఒక మంగళవారం పొద్దున పదింటికి ఆ బిల్డింగు కింద ఒక స్తంభం నిలువునా పగిలింది. పెద్ద చప్పుడేమీ లేదు, ఎండుకట్టె విరిగినట్టు వినబడిందట. మున్సిపల్ ఇంజనీరు వచ్చి చుట్టూ తిరిగి చూసి, గోడకు ఎర్రకాగితం అంటించి, అరగంటలో అందరూ దిగిపోవాలన్నాడు.

అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, రెండో అంతస్తులో ఉండే ఎలక్ట్రీషియన్ సాయంతో కుర్చీతో సహా కిందికి దింపింది జిప్పులమ్మ. మళ్ళీ పైకి పరిగెత్తి మందుల డబ్బా, దుప్పటి, కుట్టుమిషను పైభాగం, కస్టమర్ల బట్టల మూట తెచ్చింది. మూడోసారి వెళ్ళనివ్వలేదు. తన బట్టలు ఒక్కటీ తెచ్చుకోలేదు. అదేమిటని తర్వాత నేనడిగితే, "మూటలోవి వేరేవాళ్ళవి కదా అన్నయ్యగారూ, పోతే ఏం చెప్పుకోను" అంది.

ఇంటి ఓనరు ఫోను ఆ మధ్యాహ్నం నుంచి పలకలేదు. పన్నెండు కుటుంబాల్లో పది చీకటిపడేలోగా చుట్టాల ఇళ్ళకు సర్దుకున్నాయి. పోవడానికి ఎవరూ లేనివాళ్ళు ఎలక్ట్రీషియన్, అతని భార్య, ఈ అత్తాకోడళ్ళు. నలుగురూ రోడ్డు దాటి పార్కులోకి వెళ్ళారు. మా ఇంట్లో ముందుగది ఖాళీగానే ఉండేది. నా భార్య నా ముఖంలోకి చూసింది, నేను పేపరులోకి చూశాను. ఒక రోజు అనుకున్నది ఎన్నాళ్ళు అవుతుందో అనే భయం. ఆ మాట దాచి ఈ కథ చెప్పడం న్యాయం కాదు.

పార్కులో అప్పటికే ఒక మనిషి కాపురం ఉన్నాడు. ఒకప్పుడు గోడలకు రంగులు వేసే పెయింటరు. నిచ్చెన మీద నుంచి పడి తుంటి విరిగి పని పోయింది, పని పోయాక గది పోయింది. రెండేళ్ళుగా సిమెంటు గొడుగు కింద నీలంపట్టా కట్టుకుని ఉంటున్నాడు. గడ్డి మీద దుప్పటి పరుస్తున్న జిప్పులమ్మ దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు.

"అక్కడ వద్దు తల్లీ. తెల్లారి ఐదింటికి గడ్డికి నీళ్ళు కొట్టే గొట్టాలు తెరుచుకుంటాయి. నిద్రలోనే స్నానం అయిపోతుంది. ఈ గోడ వారకు రండి, చెమ్మ తక్కువ."

ఆవిడ తలెత్తి అతని ముఖం చూడలేకపోయింది. పార్కులో మనుషులు పడుకోకుండా చూడమని అంతకుముందు ఏడాది మా కాలనీ సంఘం మున్సిపాలిటీకి ఒక అర్జీ పెట్టింది. ఉన్నది ఆ పెయింటరు ఒక్కడే. నాది రెండో సంతకం, ఆవిడది మూడోది. అర్జీ ఏ ఫైల్లో పడుకుందో, అతను మాత్రం పార్కులోనే ఉండిపోయాడు.

మొదటి వారం వీధంతా మంచిగానే ఉంది. ఒకరు రగ్గు ఇచ్చారు, ఒకరు ప్లాస్టిక్ పట్టా ఇచ్చారు. సంఘం అధ్యక్షుడు, రిటైరైన లెక్చరరు, రెండుసార్లు ఫ్లాస్కులో టీ తెచ్చిచ్చాడు. జిప్పులమ్మ మిషను పైభాగాన్ని రాతిబెంచీ మీద పెట్టుకుని, చక్రం చేత్తో తిప్పుతూ, తెచ్చిన బట్టలన్నీ పూర్తిచేసి ఎవరివి వాళ్ళకు అందజేసింది. తీసుకున్నవాళ్ళు మళ్ళీ కొత్తవి ఇవ్వలేదు. ఒకామె తన కోటును ముక్కు దగ్గర పెట్టుకుని చూడటం ఆవిడ కంటపడింది.

అసలు బాధ మరుగుదొడ్డి. పార్కువాళ్ళు పొద్దున ఏడింటికి తెరిచి సాయంత్రం ఆరింటికి తాళం వేసేవారు. అత్తగారికి ఆపుకోవడం చేతకాదు. రోజుకు నాలుగైదుసార్లు గుడ్డలు మార్చాలి, ఉతకాలి. మొక్కలకు పెట్టిన కుళాయి దగ్గర ఉతుకుతుంటే తోటమాలి వచ్చి, "ఇక్కడ కాదమ్మా, నన్ను తిడతారు" అనేవాడు. తల దించుకుని అతను ఆ మాట అంటే, తల దించుకుని ఈవిడ ఉతికేది. ఆరవేసిన గుడ్డలు చూసి జారుడుబల్ల దగ్గర తల్లులు పిల్లల్ని పిలుచుకుని వెళ్ళిపోయేవారు.

పైగా ఆ గోడ వార కూర్చుంటే వాళ్ళ కిటికీ కనబడేది. అత్తగారు రోజంతా అటే చూస్తూ, "ఇంటికి పోదాం పద, బట్టలు తీయలేదు, వాన వస్తుంది" అనేది.

"పోదాం అత్తయ్యా, తాళం బాగుచేస్తున్నారు" అనేది కోడలు.

పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే జవాబు. పదకొండోసారి గోడవైపు తిరిగి కూర్చునేది.

మూడో వారంలో నిజంగానే వాన వచ్చింది. రెండు రోజులు తెరిపి లేదు. పెయింటరు తన నీలంపట్టా విప్పి ముసలావిడ మీద కట్టి, తను సిమెంటు గొడుగు నడిమి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అయినా ముసలావిడకు జ్వరం తగిలింది. డాక్టరు మందు రాసిచ్చి, "పొడిగా, వెచ్చగా ఉంచండి" అన్నాడు. జిప్పులమ్మ ఆ చీటీని చేతిలో పట్టుకుని చాలాసేపు ఆస్పత్రి మెట్ల మీదే నిలబడిపోయిందట.

ఆ వారమే వార్డు ఆఫీసులో మీటింగు పెట్టారు. పార్కులో మనుషుల్ని ఉండనివ్వాలా వద్దా అన్నదే విషయం. నేనూ వెళ్ళాను. ఒక తల్లి లేచి, "నాకూ జాలి ఉందండీ. కానీ మా పాప ఆడుకునే చోటు ఇదొక్కటే. వాళ్ళు స్నానం చేస్తుంటే, గుడ్డలు మార్చుకుంటుంటే దాని కళ్ళు ఎక్కడ దాచను?" అంది. అది అబద్ధం కాదు. "ఇవాళ నలుగురు, రేపు నలభైమంది" అన్నాడు మందులషాపాయన. అదీ ఎవరూ కాదనలేకపోయారు.

అప్పుడు జిప్పులమ్మ వెనక బెంచీలో లేచి నిలబడింది. "పార్కు పిల్లలదేనండీ, నేను కాదనడం లేదు. మా అత్తయ్యను ఎక్కడ పడుకోబెట్టాలో ఒక్క చోటు చెప్పండి. ఇప్పుడే లేచి వెళ్ళిపోతాం."

ఆఫీసరు కాగితాలు సర్దుకుంటూ, "దానికి వేరే డిపార్టుమెంటు ఉందమ్మా" అన్నాడు.

చివరికి తేల్చింది ఇది: బిల్డింగువాళ్ళు ప్రమాదంలో ఇల్లు పోగొట్టుకున్నారు కాబట్టి నెలాఖరు వరకు ఉండొచ్చు. వాళ్ళకు రెండు గుడారాలు ఇస్తారు. పెయింటరుకు ఆ వెసులుబాటు లేదు. అయితే అతన్ని తీసేయాలంటే పార్కులో ఉన్నవాళ్ళ నుంచే ఫిర్యాదు ఉంటే పని తేలిక.

మర్నాడు మధ్యాహ్నం లెక్చరరు ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. 'సదరు వ్యక్తి వల్ల ఆడవాళ్ళకు భయంగా ఉన్నది' అని అందులో టైపు చేసి ఉంది.

"ఆయన మాకేం చేయలేదు సార్" అంది జిప్పులమ్మ.

"చేశాడని ఎవరన్నారమ్మా. ఇది మాటవరసకు. పోయినేడు మీరూ సంతకం పెట్టారుగా. ఇది వెళ్తే గుడారాలు సాయంత్రానికే వస్తాయి. లేకపోతే ఫైలు తిరిగి తిరిగి ఎప్పటికొస్తుందో నాకూ తెలీదు."

అత్తగారు పట్టా కింద పళ్ళు కొట్టుకునేలా వణుకుతోంది. ఎలక్ట్రీషియన్ అప్పటికే సంతకం పెట్టేసి అటు తిరిగి నిలబడ్డాడు. "పెట్టెయ్ అక్కా" అన్నాడు. ఆవిడ పెట్టింది.

పెయింటరు అదంతా కాస్త దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు. లెక్చరరు వెళ్ళాక తన సంచి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "భుజానికి తగిలించుకునే పట్టీ తెగిందమ్మా. కాస్త కుట్టిపెడతావా. మోసుకుపోవాలిగా."

ఆవిడ కుట్టింది. దారం రెండుపేటలు వేసి, మళ్ళీ దాని మీద ఇంకోసారి కుట్టింది. "బాబాయ్" అని ఏదో అనబోయింది.

"నీలంపట్టా ఉంచుకో" అన్నాడు పెయింటరు. "గుడారాలు కారతాయి. నేను చూశాను వాటిని."

వ్యాను సాయంత్రం నాలుగింటికి వచ్చింది. ఎక్కడికి తీసుకుపోతున్నారని జిప్పులమ్మ డ్రైవరును అడిగింది. ఊరి బయట దింపమన్నారని, అంతకు మించి తనకు తెలియదని అతను చెప్పాడు. ఆ తర్వాత ఆ మనిషిని మా వీధిలో ఎవరూ చూడలేదు. ఆవిడ రెండుసార్లు వెతుక్కుంటూ వెళ్ళి వచ్చింది.

నెలాఖరు రానే వచ్చింది. గడువు పెంచమని నలుగురూ వెళ్ళి అడిగితే, ఒకసారి పెంచితే అందరికీ పెంచాలన్నారు. ఎలక్ట్రీషియన్‌కు ఒక కాంట్రాక్టరు పనిచోటే షెడ్డు ఇచ్చాడు, భార్యాభర్తలు అక్కడికి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళ షెల్టరువాళ్ళు జిప్పులమ్మను రమ్మన్నారు గాని, తన పని తాను చేసుకోలేనివాళ్ళను చేర్చుకునేది లేదన్నారు. వృద్ధుల ఆశ్రమంలో ఒక మంచం ఖాళీగా ఉందని తెలిసి, అత్తగారిని ఆటోలో కూర్చోబెట్టుకుని పరుగున వెళ్ళింది. గేటు దగ్గరే బోర్డు ఉంది: నా అన్నవాళ్ళు లేనివారికి మాత్రమే.

గుమాస్తా పెన్ను మూత తీసి, "మీకు ఈవిడ ఏమవుతారు?" అని అడిగాడు.

ముసలావిడ చెంగు చివర తడిగా ఉంది, జిప్పులమ్మ దాన్ని రెండు వేళ్ళతో పిండింది. తర్వాత అంది: "ఏమీ కారండీ. పార్కులో కనబడింది. చూడలేక తీసుకొచ్చాను."

గుమాస్తా రాసుకుంటూ ముసలావిడ వైపు వంగి, "అవ్వా, ఈవిడెవరో తెలుసా?" అన్నాడు.

అత్తగారు కోడలి ముఖాన్ని పరకాయించి చూసింది. గుర్తుపట్టలేదు. "మా కోడలికి చెప్పండి బాబూ, నేనిక్కడున్నానని. వెతుక్కుంటుంది" అంది.

గుమాస్తా పెన్ను ఆపాడు. "కోడలుందా?"

"మతిమరుపండీ" అంది జిప్పులమ్మ. "కొడుకూ కోడలూ అందరూ ఉన్నారనుకుంటుంది."

మంచం ఇచ్చారు. తెల్లటి దుప్పటి, పైన ఫ్యాను, పక్కనే మరుగుదొడ్డి. అత్తగారు పడుకుని రెండు నిమిషాల్లో నిద్రపోయిందట. జిప్పులమ్మ గేటు బయటికొచ్చి బస్టాపులో కూర్చుంటే, ఎక్కాల్సిన బస్సులు మూడు వెళ్ళిపోయాయి.

ఇప్పుడు జిప్పులమ్మ ఒక లాండ్రీలో పనిచేస్తోంది. ఇస్త్రీ బల్లల వెనక చిన్న గది ఇచ్చారు. ఆశ్రమంలో బయటివాళ్ళను చూడనివ్వరు. బంధువులైతే ఒప్పుకుంటారు గాని, బంధువులుంటే అసలు మంచమే ఉండదు. అందుకని ఆవిడ అక్కడి మేనేజరమ్మను పట్టుకుని, చిరిగిన దుప్పట్లూ దిండుగలీబులూ ఊరికే కుట్టిపెడతానని ఒప్పించింది. సెలవు దొరికిన శుక్రవారాలు వెళ్ళి వరండాలో కూర్చుని కుడుతుంది. అత్తగారి మంచం కిటికీ పక్కనే. ఒక్కోసారి ముసలావిడ, "ఈ అమ్మాయి చేతిపని బాగుంటుంది" అని నర్సులతో అంటుందట.

మొన్న లాండ్రీకి వెళ్ళినప్పుడు ఇదంతా నాకు చెప్పింది. మా ముందుగది సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చొక్కాలు మడతపెడుతూ ఒక్కటి మాత్రం అడిగింది.

"రేపు ఆవిడకేదైనా అయితే, ఎవరూ లేరని వాళ్ళే తీసుకుపోయి పని కానిచ్చేస్తారంట అన్నయ్యగారూ. నేను వెళ్ళే శుక్రవారం దాకా నాకు తెలీను కూడా తెలీదు. ఇప్పుడు నిజం చెబితే మంచం పోతుంది. చెప్పకపోతే నాకు కబురెవరు చేస్తారు?"

నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. ఆవిడ నా చొక్కాలు కవర్లో పెట్టి నా చేతికిచ్చి, వాళ్ళ వైపు తిరిగింది.