జిగురు కింద రెండు చుక్కల నీళ్లు

మా పెద్దమ్మ రెబెక్కమ్మ నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు ఆపరేషన్ గది నర్సుగా పనిచేసింది. ఆవిడ శుభ్రం మాకు శిక్ష. పుస్తకం ముట్టుకోవాలన్నా చేతులు కడుక్కుని రమ్మనేది. ఆపరేషన్‌లో కోసిన కండ ఆరిపోకుండా ఉప్పునీళ్లలో ముంచిన గుడ్డ పిండుతూ ఉండడం ఆవిడ పని. ఇన్నేళ్లలో తన చేయి పొరపాటు పడలేదని ఆవిడకు గర్వం, కాస్త ఎక్కువే.

1966లో డాక్టర్ సంజీవరావుగారు విదేశం నుంచి చిన్న గొట్టంలో ఒక జిగురు తెచ్చుకున్నారు. సూదికి లొంగని సన్నటి రక్తనాళాలను దానితో అతికించవచ్చట. అప్పటికింకా అది పరీక్షల్లో ఉన్న మందు.

ఆ నెలలోనే మైపాడు నుంచి చెంగయ్య అనే జాలరిని తీసుకొచ్చారు. తాడు కోస్తుంటే కత్తి జారి అరచేయి తెగింది. రెండు వేళ్లకు రక్తం అందడం లేదు. వలలు అల్లి బతికే మనిషికి వేళ్లు పోతే ఇంకేముంది?

“సిస్టర్, ఈరోజు నీళ్లు వద్దు. తడి తగిలితే జిగురు క్షణంలో గట్టిపడుతుంది,” అని డాక్టరుగారు ముందే చెప్పారు. పెద్దమ్మ తలూపింది. నాళం అంచులు కలిపి, చుట్టూ పొడిగా తుడిచి, ఆయన గొట్టం కోసం పక్కకు తిరిగారు. మొద్దుబారే మందిచ్చినా చెంగయ్య మూలిగాడు.

“మండిపోతా ఉంది మా!”

పెద్దమ్మ చేయి అలవాటుగా గుడ్డ పిండింది. రెండే చుక్కలు. డాక్టరుగారు చూడలేదు. జిగురు పడీ పడగానే ముద్దకట్టి నాళాన్ని మూసేసింది. నాలుగో రోజుకు వేళ్లు నల్లబడ్డాయి. తీసేయక తప్పలేదు.

“ఈ మందు పనికిరాదు సిస్టర్,” అని డాక్టరుగారు గొట్టం పారేశారు. తప్పు తనదని పెద్దమ్మ అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ ఆవిడ మీద కోపమే. ఆవిడకు తన మీద అంతకంటే ఎక్కువ ఉండేది.

మూడేళ్ల తర్వాత, చెంగయ్యకైనా నిజం చెబుదామని ఆదివారం ఆరాధన మానుకుని మైపాడు బస్సెక్కింది. అతను ఇసుకలో ఆరబెట్టిన చేపల దగ్గర కాకులను తోలుతూ కూర్చున్నాడు. ఆవిడను చూసి లేచి నిలబడ్డాడు.

“మీరా సిస్టరమ్మా! ఆ పొద్దు నా ఏడుపు మీరొక్కరే విన్నారు. చల్లగా నీళ్లు పోసినారు. వేళ్లు పోతే పోయినాయి, మిమ్మల్ని మాత్రం మరిచిపోలేదు. మీరు చల్లగా ఉండాల.”

పెద్దమ్మ నిజం చెప్పకుండానే అతను కట్టిచ్చిన ఎండుచేపలు తీసుకుని వచ్చేసింది.

ఈ సంగతి నాకు చెప్పిన రోజు, “క్షమాపణ అడగబోయి దీవెన తెచ్చుకున్నానే,” అని వెక్కి వెక్కి ఏడ్చింది.