లోపలి జేబు

ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి చూడటం నా అలవాటు. పై కుట్టు నలుగురికీ చూపించడానికి వేస్తారు, అసలు సంగతి లోపలి వైపు ఉంటుందని ఈ పనిలోకి వచ్చిన కొత్తలోనే అర్థమైంది. చుట్టాల పెళ్ళిలో పక్కన కూర్చున్నావిడ కొంగు అంచును కూడా నా వేళ్ళు వాటంతట అవే తిప్పి చూస్తాయి. "పెళ్ళిచూపులల్ల నా అంగీ కాలర్ తిప్పి చూసింది గానీ నా మొఖం చూడలే" అని మా ఆయన ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతుంటాడు. నవ్వితే నవ్వనీ. ఆ కాలర్ కుట్టు వంకరగా ఉన్న మాట మాత్రం నిజం.

కరీంనగర్‌లో కోర్టు వెనక గల్లీలో మా కుట్టు యూనిట్. ఆస్పత్రులకు, గ్రానైట్ పాలిష్ చేసే యూనిట్లకు, పెట్రోలు బంకులకు యూనిఫాంలు కుడతాం. బట్ట కొనేచోట షాపువాళ్ళు తాను కొలుస్తుంటే టేపు రెండో కొస నా చేతిలో ఉండాల్సిందే. ఒకసారి ఉట్నూరు వైపు హాస్టల్‌కు మూటలు పంపాల్సి వస్తే, డ్రైవర్ మీద నమ్మకం లేక జీపెక్కి మూటల మీదే కూర్చుని పోయాను. దారి పొడుగునా అతను అద్దంలో నన్ను చూశాడు, నేను అతన్ని చూశాను. మూటలన్నీ క్షేమంగా చేరాయి. అయినా దిగాక మళ్ళీ లెక్కపెట్టుకున్నాను.

అలాంటి నాకు సరిజోడు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో దొరికాడు. అక్కడి మేనేజరు. ఆస్పత్రికి కొత్త బ్లాకు కట్టారు. అప్పటిదాకా చీరల్లోనే ఊడ్చి తుడిచిన ఆడవాళ్ళందరికీ ఇక మీదట పొట్టి కోటు, పాంటు ఉండాలని యాజమాన్యం అనుకుంది. ఆర్డరు మాకే వచ్చింది. రంగు, బట్ట, కాలర్ అన్నీ మాట్లాడుకున్నాక మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"జేబులు మాత్రం వద్దు మేడం. గ్లౌజులు పోతున్నయ్, దూది కట్టలు పోతున్నయ్, స్పిరిట్ సీసాలు పోతున్నయ్. జేబు పెడితే మనమే తీస్కపొమ్మని చెప్పినట్టు. సంచులు కూడ గేటుకాడనే పెట్టిస్తున్న."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఇన్నేళ్ళలో బట్టను లోపలి వైపు నుంచి ఆలోచించిన కస్టమర్ ఇతనొక్కడే అనుకున్నాను. కోటుకూ జేబు లేదు, పాంటుకూ లేదు, నడుముకు ఎలాస్టిక్.

కొలతలకు నేనే పోయాను. ఆడవాళ్ళు వరుసగా వచ్చి చేతులు చాపి నిలబడ్డారు. అందులో హుజూరాబాద్ అవతలి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే ఆమె ఒకతి, నేను నడుము చుట్టూ టేపు తిప్పుతుండగా మెల్లగా అడిగింది.

"అక్కా, జేబు పెడ్తరా?"

"లేదు. ఎందుకు?"

"ఉత్తగనే అడిగిన."

ఉత్తగనే ఎవరూ ఏదీ అడగరు. ఆమె ముఖం గుర్తుపెట్టుకున్నాను.

కోట్లు ఇచ్చాం. వాళ్ళు వేసుకున్నారు. కొన్నాళ్ళకు చంక కింద చిరిగిన కోటొకటి రిపేరుకు వచ్చింది. అలవాటు ప్రకారం తిరగేశాను. ఎడమ వైపు లోపల, పొట్ట దగ్గర, అరచేయంత జేబు ఉంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, ఒక్క దారం కూడా బయటికి రాలేదు. జేబు గుడ్డ కోటు గుడ్డే, అంటే మా కత్తిరింపులో మిగిలిన చిందీ ముక్క. మూలల దగ్గర మిషన్‌ని చిన్న త్రికోణంలా తిప్పి ముడేసిన కుట్టు. ఆ త్రికోణం మా యూనిట్‌లో ఒక్కరే వేస్తారు.

ఆమెను మేమంతా అక్క అన్నట్టుగా ఆపా అంటాం. నేను ఈ యూనిట్ పెట్టిన రోజు నుంచీ కిటికీ పక్క మిషన్ ఆమెదే. నన్ను పేరు పెట్టి పిలవదు, మేడం అనదు, బేటా అంటుంది. ఆ పిలుపు వింటుంటే కోపం రావడం కష్టం. కానీ ఆ రోజు వచ్చింది. పైకి అనలేదు. అడిగితే జాగ్రత్తపడతారు, చూస్తుంటే దొరుకుతారు అనేది నా పద్ధతి.

చూడటం మొదలుపెట్టాను. ఆపా చిందీల బస్తా దగ్గరికి పోతోంది, ముక్కలు ఏరుతోంది, టిఫిన్ సంచిలో పెడుతోంది. ఒక సాయంత్రం దారికి అడ్డంగా నిలబడ్డాను.

"ఆపా, గా ముక్కలు ఎందుకు?"

"మనవరాలి బొమ్మకు గాగ్రా కుట్టాలె బేటా. రోజు సతాయిస్తుంది."

ఆకుపచ్చ ఆస్పత్రి గుడ్డతో గాగ్రా! ఆ బొమ్మ నర్సుగా చేస్తోందా ఏమిటి? నా మనసులో కథంతా దానంతట అదే అల్లుకుంది. ఆపా ఆ ఆడవాళ్ళకు దొంగ జేబులు కుడుతోంది, వాళ్ళు గ్లౌజులు, దూది బయటికి తెస్తున్నారు, ఎక్కడో మెడికల్ షాపులో అమ్ముతున్నారు, అందులో ఆపాకూ వాటా ఉంది. ఇంటికెళ్ళి మా ఆయనకు చెబితే, "సినిమా మంచిగున్నది, ఇంటర్వెల్ ఏడ?" అన్నాడు. ఆయనతో చెప్పుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంతలో మేనేజరు పిలిపించాడు. గేటు దగ్గరి మనిషికి ఎవరి కోటులోనో ఏదో ఉబ్బెత్తుగా కనిపించిందట. ఎవరని పట్టుకునేలోపు డ్యూటీ దిగిన ఆడవాళ్ళ గుంపు బస్సెక్కి వెళ్ళిపోయింది.

"మీరు కుట్టిన బట్టలే కాబట్టి మీకే చెప్తున్న మేడం. రిపేరు చూడాలని చెప్పి అందరి కోట్లు చెక్ చెయ్యండి. ఏముంటే అది నా టేబుల్ మీద పెట్టండి, పేరు చెప్పండి. తెల్లారే తీసేస్త. మిగిలినోళ్ళకు బుద్ధొస్తది."

సరేనన్నాను. సరేననడమే కాదు, లోపల ఉత్సాహంగా కూడా ఉంది. ఎప్పుడూ అందరూ నన్ను అనుమానం మనిషి అంటారు కదా, ఒక్కసారన్నా అనుమానం నిజమవుతుందని.

మర్నాడు పొద్దున డ్యూటీ మారే వేళకు ఆస్పత్రికి పోయాను. గేటు దగ్గర నా చేతిసంచి కూడా తీసుకుని అరలో పెట్టారు, బయటివాళ్ళకైనా అదే రూలట. దుప్పట్లు ఉతికి మడతపెట్టే గదిలో ఆడవాళ్ళను పిలిచి, కుట్లు చూస్తానన్నాను. ముందు ఇద్దరి కోట్లలో ఏమీ దొరకలేదు. మూడో మనిషి ఆ హుజూరాబాద్ వైపు ఆమె. ముందుకు రాలేదు. కోటు ఎడమ వైపు చేత్తో అదిమి పట్టుకుంది.

"అక్కా, నాది మంచిగనే ఉంది. చూడకు."

"చెయ్యి తియ్యి."

"అక్కా, నీ కాల్మొక్త. గీ నౌకరీ పోతే మా ఇంట్ల పొయ్యి వెలగదు. మా ఆయన దుబాయ్ పోయిండు గానీ పని దొరకక రూముల కూసున్నడు."

నేను ఆగలేదు. ఆమె చెయ్యి పక్కకు తీసి, కోటు అంచు తిప్పి, జేబులో వేళ్ళు పెట్టాను. పేపరులో చుట్టిన చిన్న పొట్లం తగిలింది. మెత్తగా ఉంది. దూది, అనుకున్నాను. దొరికింది, అనుకున్నాను. విప్పాను.

నెలసరి ప్యాడు. ఒక్కటి. రెండుగా మడిచి ఉంది.

నా నోటి నుంచి బుద్ధిలేని మాటొకటి వచ్చింది.

"సంచిల పెట్టుకోవచ్చు గదా?"

"సంచి గేటుకాడ ఉంటది గదక్కా. మాటిమాటికి పోనియ్యరు. డ్యూటీ పన్నెండు గంటలాయె. చీరున్నప్పుడు బొడ్లె చెక్కుకుంటుంటిమి, ఎవ్వలికి తెల్వకపోతుండె. గీ పాంటుకు ఏడ చెక్కాలె? ఒకసారి లాస్టిక్‌ల చెక్కిన. వంగి తుడుస్తుంటే జారి కింద పడ్డది, వార్డుల మొగోళ్ళందరి ముంగట. ఆనాడు చచ్చిపోదామనిపించింది."

వెనక నుంచి ఇంకొకామె అంది, "నువ్వు లేనప్పుడు వచ్చి మీ ఆపాకు చెప్పుకున్నం. పైసలు కూడ తీస్కోలే. నీకు చెప్పాలంటే భయమైంది అక్కా."

నా కుర్తాకు రెండు జేబులున్నాయి. ఎవరినీ అడగకుండా నేనే కుట్టుకున్నవి. అక్కడ నిలబడి ఉంటే ఆ జేబులు ఒంటి మీద నిప్పుల్లా తగిలాయి. పద్నాలుగో ఏట నుంచీ నెలనెలా నాకూ వచ్చే బాధే కదా ఇది. కొలతలప్పుడు ఆమె జేబు అడిగితే, ఆడదాన్నయి ఉండీ దొంగను చూశాను తప్ప ఇంకేమీ చూడలేకపోయాను. సిగ్గేసింది. సిగ్గు వెనకే కోపం వచ్చింది, నా మీద కొంత, ఆ రూలు మీద చాలా. గ్లౌజులు ఎవరు ఎత్తుకుపోతున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు, కానీ వాటి పేరు చెప్పి చివరికి నా చేతికి చిక్కింది ఈ మడిచిన ప్యాడు ఒక్కటే.

మిగిలిన కోట్లు చూడలేదు. పొట్లం మళ్ళీ చుట్టి, ఆమెను పనికి పొమ్మని చెప్పాను. ఆమె కదల్లేదు, నా చేతిలో పొట్లం వంకే చూస్తోంది. అది ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. "ఫికర్ చెయ్యకు, పో" అన్నాను. నమ్మినట్టు లేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు.

మేనేజరు గదిలోకి పోయేసరికి ఆయన తలెత్తి సంతోషంగా చూశాడు.

"దొరికిందా మేడం?"

పొట్లం టేబుల్ మీద పెట్టాను. ఆయన కుర్చీలో ముందుకు వంగి, పేపరు రెండు వేళ్ళతో విప్పాడు. చూసి, చెయ్యి గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. కాసేపు కిటికీ వైపు, కాసేపు కంప్యూటర్ వైపు చూశాడు. టేబుల్ మీదికి మాత్రం చూపు రాలేదు.

"సరే... ఏదైనా గానీ, దాచిండ్రంటే జేబు కుట్టించుకున్నట్టే కదా. రూలు రూలే. ఎవరిది? పేరు చెప్పండి."

"నాదే సార్," అన్నాను.

"మీదా?"

"నాదే. నా సంచి కూడ గేటుకాడ పెట్టుమన్నరు గదా. మరి ఏడ పెట్టుకోవాలె?"

ఆయన ఫైలొకటి తీసి పొట్లం మీద కప్పాడు. నేను ఫైలు పక్కకు జరిపి, నా పొట్లం తీసుకుని, ఆయన చూస్తుండగానే కుర్తా జేబులో పెట్టుకున్నాను.