వాలు దగ్గర బావగారు

బీమా ఆఫీసు గుమాస్తా కొండదారి సైకిల్ కొని నెల కాలేదు గాని, హెల్మెట్టూ చేతి తొడుగులూ మోకాళ్ల కవచాలూ తగిలించుకుని అద్దం ముందు నిలబడితే పుట్టుకతోనే కొండలెక్కినవాడిలా ఉంటాడు. రోజూ టైర్లను బొటనవేలితో నొక్కి చూస్తాడు. భోజనం దగ్గర గేర్ల సంగతి చెబుతూ చేత్తో గాలిలో వాలు గీస్తాడు. భార్య ఆ చేతి కిందనుంచే గిన్నె జరుపుతుంది. దారిలో మాత్రం ఆయనకో అలవాటుంది. గుండె జారిన చోటల్లా సైకిల్‌కు జబ్బు చేస్తుంది. దిగి, వంగి, చైన్ దగ్గర చెవి పెడతాడు.

ఆ ఆదివారం బావమరిది వెంట వచ్చాడు. ఇంటికెళ్లాక వాళ్లక్కకు ఏం చెబుతాడోనన్నదే ఆయన బెంగ. రాళ్లు తేలిన మొదటి వాలు కనబడగానే ఆయన దిగిపోయాడు.

"ఏమైంది బావగారూ?"

"చైన్ మూలుగుతోందోయ్. దీన్ని నమ్ముకుని దిగితే ఎముకలు ఏరుకోవాలి."

"ఇటివ్వండి, నేను చూస్తాను. మీరు నాది తీసుకురండి" అంటూ బావమరిది ఆ సైకిలెక్కి, రాళ్ల మీద ఎగురుకుంటూ రెప్పపాటులో కిందికి చేరాడు. "బ్రహ్మాండంగా ఉంది! వచ్చెయ్యండి!" అని కేకేశాడు.

ఆయన చేతిలో ఇప్పుడు ఏ జబ్బూ లేని సైకిల్ మిగిలింది. సీటు సవరించాడు. వాలు కేసి ఒకసారి చూశాడు. తర్వాత బ్రేకులు నొక్కుతూ, పసిబిడ్డను నడిపించినట్టు దాన్ని నడిపించుకుంటూ, రాయి రాయికీ ఆగుతూ దిగాడు. కింద బావమరిది నవ్వాపుకుంటున్నాడు.

"పరాయి సొమ్ము కదోయ్," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ, "అదే నాదైతేనా, దూకించేవాణ్ణి!"