గోనె సంచుల గదిలో అక్క

పోయిన నెల ఒక పొద్దున అక్క నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తగానే "ఏం చేస్తున్నవే చెల్లె" అంటుందనుకున్నాను. బావ గొంతు వినపడింది. "మీ అక్క ఇగ లేదమ్మా. నిద్రలనే పోయింది," అన్నాడు. "ఒకసారి అక్కకివ్వండి బావా" అన్నాను.

ఆవిడ నాకు వరసకు అక్క కాదు. నయాపూల్ వంతెన దగ్గరి గల్లీలో మాది కింది వాటా, వాళ్లది పై వాటా. అక్కది గొంతు పని. ఇంట్లోనే ఒక చిన్న గదిని స్టూడియో చేసుకుని ప్రకటనలకూ పాఠాలకూ గొంతు ఇచ్చేది. ఫోన్లో "దయచేసి కాసేపు ఆగండి" అనే ఆవిడ గొంతును మీలో కొందరైనా వినే ఉంటారు, విసుక్కునే ఉంటారు.

గది గోడలకు స్టూడియోవాళ్లు అంటించే స్పాంజి పలకలు దండగని, ఉస్మాన్‌గంజ్ బజారు నుంచి ఖాళీ గోనె సంచులు తెప్పించి, పాత బట్టలు కుక్కి, గోడల నిండా వేలాడదీసింది. అవి ఎండు మిరపకాయల సంచులని తర్వాత తెలిసింది. మైకు ముందుకు ఎవరొచ్చినా తుమ్ములే తుమ్ములు. నేనొక్కదాన్నే తుమ్మలేదు. "గుంటూరోళ్లకు మిరపకాయంటే అమ్మ పాలే గదనే! నువ్వే నాకు పనికొస్తవ్," అని నన్ను శిష్యురాలిగా చేర్చుకుంది. నా అర్హత అదొక్కటే. నాకూ ఒక గొంతు ఉందని నాకు చెప్పింది మాత్రం ఆవిడే.

బస్తీ ఎప్పుడు అరుస్తుందో, ఎప్పుడు కునుకు తీస్తుందో అక్కకు తెలుసు. అజాన్ అయ్యాక, ఎదురింటి కుక్కర్ దిగాక, వంతెన మీది హారన్లు కాస్త సద్దుమణిగాక తలుపు వేసేది. అయినా వెంటనే చదవనిచ్చేది కాదు. మైకు ఆన్ చేసి, దానికి దగ్గరగా అక్క, పక్కన నేను, చాప మీద కదలకుండా కూర్చోవాలి. ఖాళీ గది చప్పుడును ముందు రికార్డు చేసి పట్టుకోవాలి. తర్వాత తప్పులు కోసేసిన చోట అతుకు తెలియకుండా ఆ చప్పుడునే పరుస్తాం. మా పనిలో అందరూ చేసేదే, కానీ అక్క దాన్ని దీపం పెట్టినంత శ్రద్ధగా చేసేది. "ముందుగాల గదిని మాట్లాడనియ్యి. గది చెప్పినంక నువ్వు చెప్పు," అనేది.

"గది ఏం మాట్లాడుతుందక్కా?"

"నోరు మూస్కుంటే ఇనవడ్తది," అని కసిరేది.

అలా కూర్చున్నప్పుడు హెడ్‌ఫోన్లలో నా గుండె నాకే వినిపించేది. దాని వెనక ఇంకేదో మెల్లగా కదిలినట్టుండేది. అక్క కళ్లు మూసుకుని, తెలిసినవాళ్ల కబురు వింటున్నట్టు తల ఊపేది.

పోయేనాటికి ఆవిడ చూపులేని పిల్లల బడి కోసం పదో తరగతి సాంఘిక పాఠాలు చదువుతోంది. చివరి పాఠం మిగిలిపోయింది. పరీక్షలు దగ్గరపడ్డాయి. "నువ్వు చదువమ్మా, పిల్లలు ఆగమైతరు. మాటిచ్చింది మీ అక్క," అని బావ గది తాళం చెవి నా చేతిలో పెట్టాడు. కాదనలేను. ఆ పూట తలుపు దాకా వెళ్లి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. తలుపేసి, గది చప్పుడు పట్టాను. తిరిగి వింటే నడుమ ఒక ఊపిరి ఉంది. నాది కాదు. నేను ముక్కుతో పీలుస్తాను. ఇది నోరు కాస్త తెరిచి, వాక్యం ఎత్తుకోబోయే మనిషి తీసుకునే ఊపిరి. ఇన్నేళ్లూ పక్కన కూర్చుని విన్నదే. పాత ఫైలు ఏదైనా కలిసిందేమోనని చూశాను. కలవలేదు. మళ్లీ పట్టాను. మళ్లీ ఉంది, ఈసారి ఇంకాస్త దగ్గరగా.

భయమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "పిల్లల పాఠమక్కా, చెడగొట్టకు," అని పైకే అన్నాను. చదివాను. ఎక్కడా తడబడలేదు. తర్వాత ఆ ఊపిరి వినబడ్డ చోటల్లా కోసి పారేశాను. బయటికి వెళ్లే పని శుభ్రంగా ఉండాలని నేర్పింది ఆవిడే కదా. ఒకటికి రెండుసార్లు విన్నాను. నా గొంతు తప్ప ఏమీ లేదు. బడికి పంపేశాను.

కొన్నాళ్లకు నేను గదిలో ఉండగా ఆ బడి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడం, పాఠం మస్తు సమజైంది. ఒక్కటి అడగాల్నా?"

"అడుగమ్మా."

"మీ పక్కన ఇంకో మేడం కూసున్నరు గద. ఆమెకు గొంతు నొస్తుందా? చదువకుంట ఊకె కూసున్నరు?"

"అవునమ్మా, కాస్త బాగాలేదు," అన్నాను.

"ఫికర్ చెయ్యొద్దని చెప్పుండ్రి మేడం. పాఠాలు అన్నీ అందినయ్," అంది ఆ పిల్ల.

మైకు వైపు తిరిగి ఆ మాట అలాగే చెప్పాను. ఇప్పుడు నా పనులు కూడా ఆ గదిలోనే చేసుకుంటున్నాను. కూర్చునేటప్పుడు చాప మీద ఒక పక్కకు జరుగుతాను. మైకుకు దగ్గరగా ఉన్న సగం ఖాళీగా వదిలేస్తాను.