పెంకుల కింద నాన్న నిద్ర

ప్రతి ఏడాదీ ఎండలు ముదిరేసరికి సుపేలా బజారులో రోడ్డు పక్కన గడ్డి పరిచి కుండలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ల దగ్గర ఒక మట్టికుండ కొనుక్కొస్తాను. ఇంట్లో ఫ్రిజ్ ఉండగా ఇదెందుకని మా ఆయన అడుగుతూనే ఉంటాడు, నేను కొంటూనే ఉంటాను. కొత్త కుండలో మొదటిసారి నీళ్లు పోయగానే అది సుయ్‌మంటూ నీళ్లు పీల్చుకుంటుంది చూడండి, అప్పుడు వచ్చే కాల్చిన మట్టి వాసన కోసమే కొంటానని ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు. కుండ మూతి దగ్గర ముఖం పెట్టి రెండు నిమిషాలు నిలబడతాను. ఆ రెండు నిమిషాలూ నేను భిలాయ్ కోహ్కాలో, మా పాత పెంకుటింట్లో, ఏడాది తొలి వానలో ఉంటాను.

మా నాన్న శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి మీసాలు పూర్తిగా రాకముందే భిలాయ్ వచ్చి, స్టీలు ప్లాంటులో రోలింగ్ మిల్లు పనిలో కుదురుకున్నాడు. ఇక్కడ తెలుగువాడు ఏ ఇంటిపేరుతో రైలు దిగినా రావు గారే అవుతాడు కాబట్టి ఆయనా రావు గారే అయ్యాడు. ప్లాంటు క్వార్టరు కోసం చూసి చూసి విసిగి, కోహ్కాలో ఒక రైతు ఎప్పుడో కట్టుకున్న పాత ఇల్లు కొన్నాడు. మూరెడు మందం మట్టిగోడలు, పైన నల్లబడిన దూలాలు, వాటి మీద వెదురు బద్దలు, ఆ పైన చేత్తో చేసి ఆవంలో కాల్చిన నాటు పెంకులు. పెంకుల మధ్య ఒకచోట చిన్న అద్దం బిళ్ల ఉండేది. అందులోంచి దిగిన ఎండ పొద్దున గోడ మీద రూపాయి బిళ్లంత కనిపించి, మధ్యాహ్నానికి నేల మీదికి జారి, అమ్మ ట్రంకుపెట్టె దగ్గరికి చేరేది. అమ్మకు అదే గడియారం.

ఆ కప్పు మీద ఏడాది పొడుగునా ఏదో ఒక సంసారం నడిచేది. చలికాలం వెళ్లేదాకా సొరపాదు, దాని సందుల్లో పిచ్చుకలు, ఎప్పుడైనా ఒక కోతుల గుంపు, పిల్లలు పెట్టి వాటిని ఎక్కడ పెట్టిందో తనే మర్చిపోయినట్టు తిరిగే ఒక పిల్లి. పగిలిన పెంకులన్నీ మా ఆడపిల్లల ఆస్తి. వాటిని బండకేసి గుండ్రంగా అరగదీసి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. మా వీధిలో దాన్ని బిల్లస్ అనేవారు, మంచి పెంకుబిళ్ల ఉన్న పిల్లకు ఆటలో కాస్త పొగరు కూడా ఉండేది, నాకు మరీ ఉండేది.

వానలకు ముందు పక్కింటి దుకాలూ కాకా వచ్చి పెంకులు తిరగేసేవాడు. పగిలినవి తీసి, జారినవి సర్ది, బూజు దులిపి, వరసలు మళ్లీ పేర్చడం నాలుగు రోజుల పని. వీధిలో అందరి ఇళ్లూ ఆయనే తిరగేసేవాడు. ఆయన ఇంటి మీద మాత్రం గడ్డే ఉండేది. పెంకు ఒక్కటి కూడా పగలకుండా కప్పు మీద ఎలా నడుస్తాడో నాకు అర్థమయ్యేది కాదు, పిల్లికీ ఆయనకూ ఒకటే నడక అనుకునేదాన్ని. పని జరిగిన ఆ నాలుగు రోజులూ ఇల్లంతా పాత మట్టి దుమ్ము, ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించే కప్పు, అరుగు మీద కాకాకు అమ్మ పెట్టే చద్దన్నం, ఉల్లిపాయ. ఇక్కడివాళ్లు చద్దన్నాన్ని బాసీ అంటారు. ఎద్దుల పండగ పోలాకు కాకా భార్య, మా కాకీ, చేసిన ఖుర్మీ, ఠేఠరీ పిండివంటలు పళ్లెం నిండా మా ఇంటికి వచ్చేది, ఆ పళ్లెం అమ్మ చేసిన బూరెలతో తిరిగి వెళ్లేది. ఖాళీ పళ్లెం అటూ ఇటూ నడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఇంట్లో అన్నిటికంటే విలువైనది నాన్న పగటి నిద్ర. నైట్ షిఫ్ట్ వారం వచ్చిందంటే ఆయన పొద్దున ఆరుకు పని దిగి, సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, స్నానం చేసి, గంజన్నం తాగి, అమ్మ పాత చీర ముక్కను కళ్ల మీద కప్పుకుని ఎనిమిదింటికల్లా పడుకునేవాడు. అమ్మ తలుపు గొళ్లానికి ఆయన ఎర్ర తుండు కట్టేది. మా వీధిలో నైట్ షిఫ్ట్ మనిషి ఉన్న ప్రతి ఇంటికీ ఈ అలవాటు ఉండేది. తుండు కనిపిస్తే కూరలమ్మి కేక ఆపేసి గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించి బేరం చేసేది, కుల్ఫీ వాడు గంట చేత్తో పట్టుకుని దాటిపోయేవాడు, మేము బిల్లస్ గీతలు వీధి చివర గీసుకునేవాళ్లం. ఇంట్లో కుక్కరు కూత వినిపించేది కాదు, అమ్మా నేనూ చేతి సైగలతో ఎంతసేపైనా పోట్లాడుకోగలిగేవాళ్లం. బయట నలభై ఐదు డిగ్రీలు కాస్తున్నా, పెంకుల కింద ఆ గది చల్లగా, చీకటిగా, నాన్న గుర్రుతో నిండి ఉండేది. ఎర్రగా కాలిన ఇనుము ముందు రాత్రంతా నిలబడే మనిషికి ఆ ఆరు గంటల నిద్రే బలమని, మళ్లీ రాత్రి అక్కడ కునుకు పడితే ఏమవుతుందో తలుచుకోవడమే తప్పని అమ్మ ఎన్నోసార్లు అనేది.

అంత తెలిసీ ఆ నిద్ర చెడగొట్టింది నేనే.

నాకు పదేళ్లు నిండిన పుట్టినరోజు మంచి వానాకాలంలో వచ్చింది. ప్లాంటు టౌన్‌షిప్ సెక్టార్లలో, పక్కా క్వార్టర్లలో ఉండే నా క్లాసు పిల్లలు నలుగురిని మొదటిసారి ఇంటికి పిలిచాను. అమ్మ సేమ్యా పాయసం చేసింది. గిన్నెలు చేతికిచ్చిందో లేదో, పైనుంచి ఒక జెర్రి వచ్చి సరిగ్గా మా క్లాసు మానిటర్ గిన్నెలో పడింది. పిల్లలు ఒక్కసారిగా లేచారు, ఆ వెనకే ఒక నీటి చుక్క కూడా తన వంతు చూసుకుంది. మర్నాడు క్లాసులో ఆ పిల్ల అందరి ముందూ "తేరే ఘర్ మేఁ ఖపరా హై క్యా?" అని అడిగింది. మీది పెంకుటిల్లా అని అడగడమే, అందులో తిట్టేమీ లేదు. కానీ నాకు ఒళ్లంతా మండిపోయింది.

ఇక ఇంట్లో నేను పెట్టిన పోరు అంతా ఇంతా కాదు. స్టీలు ప్లాంటులో పనిచేస్తూ మట్టి కింద ఉండేది మనమేనని, ఇంకెవర్నీ ఇంటికి పిలవలేనని, అన్నం ముందు కూర్చుని ముక్కు ఎగబీల్చేదాన్ని. అమ్మ కసిరేది. నాన్న మాత్రం "సూద్దాంలే అమ్మా" అనేవాడు. ఆ చూద్దాం వేసవికి నిజమైంది. ఫ్యాక్టరీ షెడ్లుండే హథ్‌ఖోజ్‌ నుంచి జింకు రేకులు, ఇనప బద్దీలు రిక్షాబండి మీద వచ్చాయి. ఏటా తిరగేసే దుకాలూ కాకాయే కప్పు మీది పెంకుల్ని ఒక్కొక్కటే దించాడు. మాకింక అక్కర్లేదు, నీ గడ్డికప్పు మీద వేసుకో అని నాన్న అంటే, వాటిని మోసుకెళ్లి తన పెరట్లో వేపచెట్టు కింద దొంతరలుగా పేర్చుకున్నాడు. రెండు రోజుల డ్రిల్లింగు మోతలో రేకులు బిగిశాయి. నాన్న వీధిలో నిలబడి తళతళలాడే ఇంటిని చూసుకుని, "బాగుందేటమ్మా?" అని నన్ను అడిగాడు. నేను ఎగిరి గంతేశాను.

రెండోరోజు మధ్యాహ్నానికే ఆ గంతు దిగిపోయింది. పది దాటితే ఇంట్లో పెనం కింద కూర్చున్నట్టు ఉండేది. గాలిపంకా వేడిని గది నాలుగు మూలలకీ సమానంగా పంచిపెట్టేది. నైట్ షిఫ్ట్ వారం వచ్చింది. అమ్మ తుండు కట్టింది, వీధి గొంతు తగ్గించుకుంది, కానీ ఎండ ఎక్కేకొద్దీ రేకులు టక్కుటక్కుమని సాగుతూ నాన్నను లేపి కూర్చోబెట్టేవి. రేకుల మీద అమ్మ వరిగడ్డి పరిపించింది, ఈదురుగాలికి అది వీధి దాటి పోయింది. తడి గోనెలు వేసింది, గంటలో ఎండాయి. చివరికి ఆయన నవారు మంచం కిందికి దూరి, తడి చేసిన నేల మీద పడుకునేవాడు. ఎలా ఉందని ఎవరడిగినా, "బాగానే ఉందీ, కొత్త కదా" అనేవాడు.

రెండో నైట్ షిఫ్ట్ వారంలో, పొద్దున డ్యూటీ దిగి వస్తూ సుపేలా దగ్గర సైకిల్ మీదే కునుకు తీసి పడ్డాడు. గడ్డం చిట్లింది, మోచెయ్యి దోక్కుపోయింది. వెనక లారీ ఏదీ రాకపోవడం మా అదృష్టం. ఆ సాయంత్రం దుకాలూ కాకా మా అరుగు మీద కూర్చుని, పెంకులు ఇంకా కప్పుకోలేదు, అలాగే ఉన్నాయి, నాలుగు రోజుల్లో, వానకు ముందే మళ్లీ ఎక్కించేస్తానని అన్నాడు. "లే జావో రావు బాబూ, తుమ్హారా హీ తో హై" అన్నాడు. నీ పెంకులే కదా, తీసుకుపో అని. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న గడ్డానికి కట్టుతో, నా వైపు చూశాడు.

"ఏటమ్మా, పెంకులు ఏయించీమంటావేటి?"

నిజంగానే అడిగాడు. నేను అవునంటే వేయించేసేవాడు, ఆ సంగతి ఆయన ముఖంలో కనబడుతూనే ఉంది. నేను మాత్రం, వచ్చే పుట్టినరోజుకు రమ్మని ఆ నలుగురికీ చెప్పేశానని, మా ఇంటికి స్టీలు కప్పు పడిందని గొప్పలు పోయానని గుర్తు చేసుకున్నాను. గడ్డం చూశాను, చూసి కూడా వద్దని తల అడ్డంగా ఊపాను. "అయితే ఉండనీ" అన్నాడు నాన్న. మర్నాటి నుంచి కాకా తన ముందు గది మీద గడ్డి తీసేసి మా పెంకులు పేర్చడం మొదలుపెట్టాడు.

తర్వాతి నైట్ షిఫ్ట్ వారంలో నేను బడి నుంచి వచ్చేసరికి మా గొళ్లానికి తుండు లేదు. అది దుకాలూ కాకా తలుపుకు కట్టి ఉంది. పొద్దునే అమ్మ ఎవర్నీ అడగకుండా చాప, తలగడ, చీర ముక్క తీసుకెళ్లి ఆ గదిలో వేసేసి, నాన్నను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిందట. కాకీ తన పిల్లల్ని పెరట్లోకి తోలి గుమ్మంలో కాపలా కూర్చుంది. సొంత ఇల్లుండి పక్కింట్లో, తన పెంకుల కిందే పరాయివాడిలా మా నాన్న పడుకున్నాడు. తలుపు సందులోంచి ఆ గుర్రు వినిపించింది. నాకు సిగ్గేసింది.

ఆ వానాకాలం నా పుట్టినరోజుకు నలుగురూ వచ్చారు. రేకుల మీద వాన గులకరాళ్లు గుమ్మరించినట్టు కురుస్తుంటే ఒకరి మాట ఒకరికి వినబడక, త్వరగా తినేసి వెళ్లిపోయారు. ఒక్కరూ తలెత్తి పైకి చూడలేదు.

మా తర్వాత వీధిలో ఒక్కో ఇల్లూ రేకులకు తిరిగింది. తిరగేయడానికి పెంకులే లేక దుకాలూ కాకా హథ్‌ఖోజ్‌లో ఏదో షెడ్డులో లోడింగు పనికి పోయాడు. ఆ పనిలోనూ ఆయన మా నాన్న నైట్ షిఫ్ట్ వారాలు గుర్తుపెట్టుకుని గది ఊడిపించి ఉంచేవాడు. నేను కాలేజీకి వెళ్లినా, పెళ్లయి దుర్గ్ వెళ్లిపోయినా ఈ ఏర్పాటు అలాగే సాగింది. ఎన్ని సెలవలకు వచ్చానో, చంకలో తలగడతో పక్కింట్లోంచి వస్తున్న నాన్నను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒక్కసారైనా, నాన్నా పెంకులు వేయించేద్దాం అనే మాట నా నోట రాలేదు. ఆయనా మళ్లీ అడగలేదు.

నాన్న పోయి మూడేళ్లయింది. ఇల్లు అమ్మేశాం, కొన్నవాళ్లు పడగొట్టి మూడంతస్తులు లేపుతున్నారు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి ఇద్దరం విసనకర్రలు పట్టుకుని కూర్చున్నప్పుడు, ఉన్నట్టుండి అంది, "దుకాలూ పోయినాక ఆల కొడుకులు ఆ గది పడగొట్టీసి స్లాబు ఏసీసినారు కదా. అప్పటికి మీ నాన్నకి ఇంకా రెండేళ్లు డూటీ ఉంది. ఆ రెండేళ్లూ నైటు సేసొచ్చి పగలు కన్ను మూసీవోరు కాదు. అరుగు మీద కూకునీవోరు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"సెప్పొద్దన్నారు. దానికి తెలిస్తే, రేకులు తనే ఏయించిందని ఏడుస్తాది, ఒగ్గీ, అనీవోరు."

అంతే చెప్పి అమ్మ విసురుకోవడంలో పడిపోయింది. కోహ్కాలో ఆ వీధికి ఇప్పుడు వెళితే ఒక్క పెంకు కనిపించదు, పెంకు తిరగేసే మనిషి కనిపించడు, పగలు పడుకున్నవాడి కోసం గొంతు తగ్గించే అమ్మకంవాడూ ఉండడు. పదకొండేళ్లైనా నిండని పిల్లను అంత పెద్ద విషయం అడిగి, అది చెప్పిన మాటకు పాతికేళ్లు కట్టుబడిన తండ్రీ లేడు. పెంకులు వేయించేయ్ నాన్నా అని ఆ మధ్యాహ్నం పైకే అన్నాను. అమ్మ విసనకర్ర ఆపి, ఏటన్నావని అడిగింది. ఏమీ లేదన్నాను.